ముందు దరఖాస్తు, ఆ తర్వాతే ప్రకటన

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. వ్యాపారానికి పేరు ఖాయమైందని, వచ్చే నెల ప్రారంభోత్సవం కాగానే ట్రేడ్‌మార్క్ సంగతి తీరిగ్గా చూసుకుంటానని నువ్వు రాసింది చదివాక ఉండబట్టలేక వెంటనే జవాబు రాస్తున్నాను. ఆ వరుసను తిరగెయ్యి. చాలా దేశాల్లో పేరు మీద హక్కు ముందుగా వాడినవాడికి కాక, ముందుగా దరఖాస్తు చేసినవాడికి దక్కుతుంది. ముందు వాడకాన్ని గుర్తించే దేశాల్లో కూడా దాన్ని రుజువు చేసుకునే భారం నీ మీదే పడుతుంది.

దరఖాస్తుకు ముందు ట్రేడ్‌మార్క్‌ల రిజిస్టర్‌లో వెతికేటప్పుడు అక్షరాలు పోల్చి ఊరుకోక, పేరును పైకి పలికి చూడు. ఫోన్‌లో విన్నవాడు రెండు పేర్లనూ ఒకటే అనుకునేటట్లుంటే, స్పెల్లింగ్ వేరన్న వాదన నిలవడం కష్టం. ట్రేడ్‌మార్క్ ఏ రకం వ్యాపారానికో చెప్పడానికి వాడే అంతర్జాతీయ జాబితా అయిన నైస్ వర్గీకరణలో సరుకులూ సేవలూ కలిపి 45 తరగతులున్నాయి. అన్నింటిలోనూ జెండా పాతాలన్న ఆత్రం వద్దు, ఎందుకంటే ఏళ్ల తరబడి వాడకుండా ఉంచిన రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయమని ఎవరైనా కోరవచ్చు.

ఒక దేశంలో పొందిన రిజిస్ట్రేషన్ ఆ దేశపు సరిహద్దు దాటదు. అయితే, 1883 నాటి పారిస్ ఒప్పందం వల్ల, మొదటి దరఖాస్తు వేసిన 6 నెలల్లోగా ఆ ఒప్పందంలోని ఇతర దేశాల్లో వేస్తే, అక్కడ కూడా మొదటి తేదీనే లెక్కిస్తారు. మాడ్రిడ్ విధానం అనే అంతర్జాతీయ ట్రేడ్‌మార్క్ ఏర్పాటులో ఒకే దరఖాస్తుతో అనేక దేశాలను కోరవచ్చు గానీ, మొదటి 5 ఏళ్లలో స్వదేశపు రిజిస్ట్రేషన్ కూలిపోతే, దాని మీద నిలిచిన అంతర్జాతీయ రిజిస్ట్రేషన్ కూడా ఆ మేరకు కూలుతుంది.

ఇక లోగో విషయం. దీని దగ్గరే నేను దెబ్బ తిన్నాను. మా మొదటి లోగో గీసిన చిత్రకారుడికి డబ్బు మొత్తం చెల్లించి, రసీదు తీసుకుని, ఇక అది మాదేనని నిశ్చింతగా ఉన్నాను. పదకొండేళ్ల తర్వాత మా పేరుతో సరుకు తయారు చేస్తామని ఒక సంస్థ ముందుకొచ్చినప్పుడు, వాళ్ల న్యాయవాది ఆ రసీదును అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో కాపీరైట్ బదిలీ మాట ఎక్కడుందని అడిగారు. అందులో ఉన్నది “బొమ్మ ఖర్చు” అన్న రెండే మాటలు. జీతం మీద పనిచేయని కళాకారుడు గీసిన బొమ్మపై కాపీరైట్ సాధారణంగా అతనిదే. డబ్బు చెల్లించినంత మాత్రాన అది మన చేతికి రాదు. ఆయనను వెతికి పట్టుకుని, మొదట ఇచ్చినదానికి ఎన్నో రెట్లు చెల్లించి సంతకం చేయించుకున్నాను. ఆయన తప్పేమీ లేదు, తొందర నాది. కనుక అన్ని దేశాలకూ, అన్ని మాధ్యమాలకూ వర్తించేటట్లు, సవరించే హక్కుతో సహా కాపీరైట్ బదిలీ చేస్తున్నట్లు రాతపూర్వకంగా తీసుకో. డొమైన్ పేరు కూడా వెబ్‌సైట్ చేసిపెట్టినవాడి పేరున కాక, సంస్థ పేరున ఉండాలి.

రిజిస్ట్రేషన్ చేతికి రాకముందే పేరు పక్కన వృత్తంలో ఆర్ అక్షరం, అంటే రిజిస్టరైన మార్క్ అని చెప్పే గుర్తు, ముద్రించకు. చాలా చోట్ల అది నేరం. వచ్చాక నీ పేరును నువ్వే మామూలు మాటగా మార్చకు. ఎస్కలేటర్ ఒకప్పుడు ఓటిస్ సంస్థ ట్రేడ్‌మార్క్. ఆ సంస్థే తన ప్రకటనల్లో ఆ మాటను లిఫ్ట్ అన్నంత సాధారణంగా వాడుకోవడం కూడా కారణమై, 1950లో అమెరికాలో ఆ హక్కు పోయింది.

ఎవరైనా నకిలీ చేస్తున్నట్లు తెలిస్తే, కోపంలో బెదిరింపు ఉత్తరం రాయకు. ఆధారం లేని బెదిరింపుపై ఎదురు దావా వేయనిచ్చే చట్టాలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. ముందు ఆ సరుకును బిల్లుతో కొని, తేదీ కనిపించేటట్లు ఫోటోలు తీయించి, ఆ తర్వాతే న్యాయవాదిని కలువు.

నీ లోగో గీస్తున్న అమ్మాయితో రాసుకున్న ఒప్పందం ఏదైనా ఉంటే, సంతకాలకు ముందే దాని నకలు నాకు పంపు.

ఇట్లు,
మీ మామయ్య