ప్రజాభిప్రాయ సేకరణలో మన అభ్యంతరం రికార్డుకెక్కాలంటే

సభలో ఎంత మాట్లాడినా మన అభ్యంతరం తుది రిపోర్టులో ఎందుకు రాదని అడిగారు. చాలావరకు కారణం ఒకటే, అందరూ మైకులో చెప్పి వచ్చేస్తారు, కాగితం ఎవరూ ఇవ్వరు. పోయినసారి గాజువాక దగ్గర ఫ్యాక్టరీ విస్తరణ సభలో బోరు నీళ్ల గురించి అంత మాట్లాడినా తుది రిపోర్టులో ముక్క కూడా లేదన్నారు కదా, వచ్చే నెల సభకి ఇలా చేయండి.

1. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం సభకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ముసాయిదా ఈఐఏ రిపోర్టు కలెక్టరేట్‌లో చూడొచ్చు, తెలుగు సారాంశం కూడా ఉండాలి.

2. సారాంశంతో ఆగిపోకండి. అసలు రిపోర్టులో భూగర్భజలాల పట్టిక తీసి, శాంపిళ్లు ఏ ఊళ్లలో, ఏ నెలల్లో తీశారో చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. మీ వైపు బోరు ఒక్కటీ అందులో లేకపోతే అదే మీ అసలు పాయింటు. ‘మా నీళ్లు పాడవుతాయి’ అని రాస్తే ఒక్క లైన్లో జవాబిచ్చి వదిలేస్తారు, అలా కాకుండా ఆ పట్టిక ఉన్న పేజీ నంబరు వేసి, ఇటువైపు శాంపిలే తీయలేదు, తీసి ఫలితాలు పెట్టండి అని రాస్తే తప్పించుకోవడం కష్టం.

3. ఇలా రాసిన అభ్యంతరం కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

4. సభ చివర్లో అభిప్రాయాల సారాంశం తెలుగులో చదివి వినిపించాలి. అప్పటిదాకా కదలకండి. మీ పాయింటు రాకపోతే అక్కడికక్కడే లేచి అడగండి, ఎందుకంటే మినిట్స్ (సభలో జరిగింది రాసిన రికార్డు) మీద సంతకం ఆ రోజే అయిపోతుంది.