ముంబై తాజ్ మహల్ ప్యాలెస్‌లో గది తీసుకోకుండా భోజనం చేయొచ్చా?

చేయొచ్చు, అక్కడి రెస్టారెంట్లు బయటివాళ్ళకీ తెరిచే ఉంటాయి. గదులు ఎన్నున్నా లెక్క పరిమితమే. బస చేసేవాళ్ళతోనే అన్ని భోజనశాలలూ నిండవు, అందుకే ఊళ్ళోవాళ్ళు రావడం హోటల్‌కీ అవసరమే. సముద్రం వైపున్న సీ లాంజ్‌నే చూడండి: మధ్యాహ్నం టీకి పేరున్న చోటు, ముంబై కుటుంబాలు పెళ్ళిచూపులకూ అక్కడే కూర్చునేవి. వాళ్ళెవరూ గది తీసుకుని వచ్చినవాళ్ళు కారు! తలుపు దగ్గర తనిఖీ చూసి చాలామంది ఇది గెస్టులకే అనుకుంటారు. 2008 దాడి తర్వాత కట్టుదిట్టం చేసిన ఆ తనిఖీ అందరికీ ఒకటే. బిల్లు మాత్రం బరువే. కిటికీ పక్క టేబుల్ కావాలంటే ముందే ఫోన్ చేసి అడగండి.