మీట నొక్కడం తగ్గితే ఆనందం తగ్గినట్టేనా?

తమ్ముడూ, హాలోపెరిడాల్ అనే మానసిక వ్యాధుల మందు ఇచ్చాక మీ తార్నాక ల్యాబులో ఎలుకలు చక్కెర గుళికల కోసం మీట నొక్కడం తగ్గించాయనీ, "తగ్గింది ఆనందమా, కదలికా?" అని మీ గైడ్ నిలదీశారనీ రాశావు. ఆయన అడిగింది న్యాయమే. డోపమైన్ అంటే మెదడులో కోరికకీ కదలికకీ కావాల్సిన రసాయనం; ఆ మందు అది అతుక్కునే డీ2 రిసెప్టర్లను అడ్డుకుంటుంది, డోసు పెరిగితే ఎలుక కొయ్యబారిపోతుంది.

ముందు మొత్తం లెక్క పక్కనపెట్టి నిమిషాలవారీగా చూడు. మొదటి నిమిషం నుంచే నొక్కడం పడిపోతే కదలికనే అనుమానించాలి. మొదట మామూలుగా నొక్కి, గుళికలు పడుతున్నా మెల్లగా మానేస్తే కథ వేరు. 1978లో రాయ్ వైజ్ అనే పరిశోధకుడి బృందం, డోపమైన్‌ని అడ్డుకునే పిమోజైడ్ అనే మరో మందుతో చూసింది ఇదే. దాన్ని వాళ్లు ఆనందం పోవడమే అన్నారు. కానీ డోపమైన్ దాదాపు లేని ఎలుకలు కూడా తీపి తగిలితే ఇష్టంగా నాలుక చాపి నాకుతాయని కెంట్ బెరిడ్జ్ అనే మరో పరిశోధకుడు చూపించాక ఆ మాట అంత గట్టిగా నిలవలేదు.

నాకు నచ్చిన పరీక్ష జాన్ సలమోన్ అనే పరిశోధకుడిది. మీట నొక్కితే ఇష్టమైన గుళిక, పక్కనే ఊరికే దొరికే మామూలు మేత. తక్కువ డోసులో ఎలుక మీట వదిలేసి మేత దగ్గరికి పోయి తింటే ఆకలి ఉన్నట్టే, కాళ్లూ ఆడుతున్నట్టే. కష్టపడాలన్న ఊపే తగ్గింది. గైడ్‌కి ఇదే జవాబు.

పద్ధతి మార్చేముందు ఎథిక్స్ కమిటీ అనుమతి మర్చిపోకు. గది ఏసీ కూడా చూడు, మన మే నెల ఎండకి మందు లేకుండానే ఎలుకలు చతికిలబడతాయి.