ఆ కాగితంలో ఏముందో రాయి

మూలాపేట, నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. చీమకుర్తి క్వారీని కళ్లకు కట్టావు. వానకు తడిసిన గెలాక్సీ గ్రానైట్ రాయిలో చుక్కలు మెరవడం బాగుంది. ఇంకా మెచ్చుకునేవాణ్ణే గానీ, పదకొండో పేజీ దగ్గర నాకు కోపం వచ్చింది.

కొడుకు క్వారీలో పైనుంచి పడి చనిపోతాడు. మూడో రోజు మేనేజరు, ఊరి పెద్దమనిషి వచ్చి తల్లి చేతిలో డబ్బు పెడతారు. సంగతి బయట ఎక్కడా చెప్పనని స్టాంపు పేపరు మీద వేలిముద్ర వేయించుకుంటారు. వెంటనే నువ్వు రాసిన వాక్యం: "వేలిముద్ర పడ్డాక ఆమెకిక నోరు లేదు." ఆ తర్వాత వాన, ఖాళీ మంచం. కథ అయిపోయింది.

నోరు లేదని నీకెవరు చెప్పారమ్మా? మేనేజరు చెప్పాడు. ఆ తల్లికి చదువు రాదు, నమ్మింది. చదువుకున్న నువ్వెందుకు నమ్మావు? "భయపడి నోరు మూసుకుంది" అని రాసి ఉంటే నేను మారుమాట అనేవాణ్ణి కాదు. భయం నిజం. "నోరు లేదు" అన్నావంటే మాత్రం ఆ కాగితం చెల్లుతుందని రచయితగా నువ్వు కూడా ముద్ర వేసినట్టే.

నీ కథ 2018లో జరుగుతుంది. అప్పటికి అమల్లో ఉన్నది 1952 నాటి గనుల చట్టం. గనిలో మనిషి చనిపోతే యజమాని అధికారులకు నోటీసు పంపాలని దాని 23వ సెక్షన్ చెబుతుంది. ఆ నోటీసు కాపీని కార్మిక సంఘాలవాళ్లు చూసేచోట బోర్డుకు అంటించాలి, 14 రోజులు తీయకూడదు. చట్టం బోర్డు మీద పెట్టమన్న సంగతిని తల్లి కడుపులో దాచుకోమంటే ఎట్లా చెల్లుతుంది? 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనూ చూడాల్సింది 23వ సెక్షనే. చట్టాన్ని వమ్ము చేసే ఒప్పందం, ప్రజాహితానికి విరుద్ధమని కోర్టు భావించిన ఒప్పందం చెల్లవు. ఇక ఆ డబ్బు. అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం ప్రకారం, పనిలో చనిపోయినవాడి పరిహారాన్ని యజమాని కమిషనర్ దగ్గర జమ చేయాలి. మూడు నెలల జీతం దాకా అడ్వాన్సు ఇవ్వొచ్చు. అంతకుమించి ఇంటికొచ్చి చేతిలో పెట్టింది పరిహారం కిందికి రాదు. ఇవన్నీ కథలో ఉపన్యాసంలా పెట్టమనడం లేదు. నీకు తెలిసి ఉంటే ఆ వాక్యం రాసేదానివి కాదు.

ఆ కాగితంలో ఏముందో కూడా నువ్వు రాయలేదు. "ఏవేవో షరతులు" అని దాటేశావు. నేను ముప్పై ఏళ్లుగా చెబుతున్నది ఒకటే, కథలోకి కాగితం వస్తే దాన్ని పాఠకుడికి చదివి వినిపించాలి. అక్షరం పోకుండా. అన్యాయమంతా ఆ అక్షరాల్లోనే ఉంటుంది.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, అలాంటి కాగితాలు నేను నా చేత్తో రాశాను. 1990ల మొదట్లో మన తీరమంతా రొయ్యల గుంటలు తవ్వుతున్న రోజులు. నేనొక రొయ్యల ప్లాంటులో గుమాస్తాని. ఒక రాత్రి ఫ్రీజింగ్ గది పైపులోంచి అమ్మోనియా లీకైంది. రొయ్యల తలలు తీసే ఆడవాళ్లు దగ్గుకుంటా, కళ్లు నులుముకుంటా బయటికొచ్చి పడిపోయారు. తెల్లారేసరికి, నా దస్తూరీ బాగుంటుందని ఓనరు నా ముందు స్టాంపు పేపర్లు పెట్టాడు. "జరిగిన విషయము ఎవరితోనూ, ఎన్నడూ, ఏ విధముగానూ చెప్పనని" రాశాను. తొమ్మిది కాగితాలు. సాక్షి సంతకమూ నాదే.

వారానికి వాళ్లలో ఒకామె ఊపిరాడక ఆసుపత్రికి పోయింది. ఏం పీల్చావమ్మా అని డాక్టరు అడిగితే చెప్పలేదు. "కాగితం రాసిచ్చినా కదన్నా, ఎట్ట చెప్పేది" అనింది నాతో. అమ్మోనియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది. తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని పరిగెత్తితే కొంతైనా కాచుకోవచ్చు. ఆ ముక్క పక్క ప్లాంట్లలో ఆడవాళ్లకు ఎవరు చెప్పాలి? అనుభవించిన తొమ్మిది మంది చెప్పాలి. వాళ్ల నోటికి నా దస్తూరీ అడ్డం పడింది.

తర్వాత దాన్నే కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. ఎడిటరు ప్లాంటును "ఒకానొక కర్మాగారం" చేశాడు. అమ్మోనియాను "విషవాయువు" చేశాడు. కాగితాన్ని మొత్తం కొట్టేసి, డాక్యుమెంట్లు కథకు అందం కాదని ఉత్తరం రాశాడు. అది నేనింకా క్షమించలేదు. ఇప్పుడు కొట్టేసే ఎడిటర్ల అవసరం కూడా లేకుండా పోయింది. వాన, ఖాళీ మంచం పెట్టి మీరే కొట్టేసుకుంటున్నారు.

ఈ భయం మన దగ్గరే కాదు. అమెరికాలో జెఫ్రీ వైగాండ్ ఒక సిగరెట్ కంపెనీ పరిశోధన విభాగానికి పెద్ద. కంపెనీ సంగతులు చెప్పనని సంతకం పెట్టినవాడు. 1995లో అతను టీవీకి ఇంటర్వ్యూ ఇస్తే, ఒప్పందం తెంచేలా చేశారని తమ మీద కేసు పడుతుందేమోనని టీవీవాళ్లే దాన్ని ఆపుకున్నారు. పూర్తిగా ప్రసారమైంది 1996లో. పొగాకులో ఏముందో తెలిసినవాడు చెప్పడానికి సిద్ధపడ్డాక కూడా, వినిపించాల్సినవాళ్లు వెనక్కి తగ్గారు.

రహస్యం రాయించుకోవడమే తప్పని నేను అనను. మలైకాజా పాకం కొలత బయటపెట్టొద్దని మన నెల్లూరు మిఠాయి కొట్టాయన పనివాడి చేత రాయించుకుంటే అది న్యాయమే. ఆ పాకంలో కలపకూడనిది కలుపుతున్నారని పనివాడు చూశాడనుకో, అప్పుడది తినేవాళ్లందరి సంగతి. కొట్టాయనతో చేసుకున్న ఒప్పందం అక్కడికి ఆగిపోవాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

నోరు విప్పితే ఆ తల్లిని ఎవరు కాపాడతారని నీ ఉత్తరంలో అడిగావు. 2014లో విజిల్ బ్లోయర్ల చట్టం, అంటే తప్పును బయటపెట్టినవాళ్లను కాపాడే చట్టం చేశారు, దాన్నింకా అమల్లోకే తేలేదు. అది వచ్చినా ప్రభుత్వోద్యోగుల తప్పుల కోసమే, ప్రైవేటు క్వారీ మీద నోరు తెరిచినవాళ్లకు పనికిరాదు. అందుకే ఆమె మాట్లాడి తీరాలని నేను నిన్ను బలవంతపెట్టను. ఆమెను క్వారీ గేటు దాకా నడిపించు చాలు. నోటీసు ఉండాల్సిన బోర్డు ముందు నిలబెట్టు. అక్కడేముందో, ఏం లేదో ఆమె పక్కన నిలబడ్డ పిల్లాడి చేత చదివించు.

నా దగ్గర ఆ తొమ్మిదింట్లో ఒకదాని కార్బన్ కాపీ ఉంది. జిరాక్స్ తీసి ఈ కవర్లో పెట్టాను. కథలో ఎట్లా కావాలంటే అట్లా వాడుకో. రాసిచ్చినామె పేరు కొట్టేశాను, ఆ పేరు చెప్పుకోవాల్సింది ఆమె. సాక్షి పేరు మాత్రం అట్లాగే ఉంచాను.

మీ మాస్టారు