మాస్టర్ డేటా ఉద్యోగం మాన్పించాలా?

ప్రశ్న: బీకాం చదివిన మా అమ్మాయి ఒక తయారీ సంస్థలో మాస్టర్ డేటా విభాగంలో చేరింది. రోజంతా సరఫరాదారుల పేర్లు, వస్తువుల కోడ్‌లు సరిచేయడమే పని. మాన్పించి ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాను. రెండింటిలో ఏది మేలు?

జవాబు: అయ్యా, ఉద్యోగాల పేర్లు మారుతున్నా ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తూనే ఉంటుంది. చదివించిన బిడ్డ గుమాస్తా పనిలో చిక్కుకుపోతుందేమోనన్న భయమే అందులో ఎక్కువగా కనిపిస్తుంది కనుక ముందు దానికే జవాబు చెబుతాను.

ఒకే సరఫరాదారు కొనుగోళ్ల విభాగంలో ఒక పేరుతోనూ, అకౌంట్స్‌లో మరో పేరుతోనూ నమోదై ఉంటే ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లింపు జరిగిపోవచ్చు. వాటిలో సరైన రికార్డు ఏది, దాన్ని మార్చే అధికారం ఎవరిది, మారిన వివరం మిగతా సాఫ్ట్‌వేర్లకు ఎలా చేరాలి అన్నవి తేల్చడమే మాస్టర్ డేటా నిర్వహణ. కొన్ని సంస్థలు రికార్డులను ఉన్నచోటనే ఉంచి, ఏది దేనికి సమానమో చూపే రిజిస్ట్రీ మాత్రమే పెట్టుకుంటాయి. కొన్ని నకళ్లను ఒకచోట చేర్చి, శుభ్రం చేసి నివేదికలకు వాడుకుంటాయి. మరికొన్ని రికార్డును కేంద్రంలోనే సృష్టించి, ఆమోదం పొందాక సాఫ్ట్‌వేర్లను నేరుగా కలిపే ఏపీఐల ద్వారానో, కొన్నింటిని కలిపి ఒకేసారి బ్యాచ్‌లుగానో అన్ని విభాగాలకూ పంపుతాయి. ఈ చివరి పద్ధతి పటిష్ఠమైనదే అయినా, ప్రతి విభాగమూ తన అధికారాన్ని కొంత వదులుకుంటే తప్ప సాగదు. ఈ తగవులన్నీ తేలే చోటే మీ అమ్మాయి పని నేర్చుకుంటోంది.

ఆరు నెలల కోర్సుల మీద నాకు గట్టి సందేహాలే ఉన్నాయి. గణాంకశాస్త్రంలో పునాది లేనివారికి అవి డేటా నుంచి అంచనాలు కట్టే మోడల్‌ను నడిపించడం నేర్పగలవు గానీ, వచ్చిన ఫలితాన్ని నమ్మవచ్చో లేదో తేల్చుకునే శక్తిని ఇవ్వడం కష్టం. పైగా అభ్యాసానికి సాధారణంగా శుభ్రం చేసిన ఫైళ్లే ఇస్తారు. ఒకే కొనుగోలుదారుణ్ని ముగ్గురిగా లెక్కించే డేటా మీద ఎంత గొప్ప మోడల్ కట్టినా జవాబు తప్పే వస్తుంది. పోలిన రికార్డులను ఏఐ చూపించగలదు. అవి ఒకే సంస్థవా, మాతృసంస్థవీ దాని అనుబంధ సంస్థవీనా అన్నదానికి బాధ్యత వహించాల్సింది మనిషే.

ఒక మాట కటువుగానే చెప్పాలి. మీ ప్రశ్నలో మీ అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క కూడా లేదు. ఉద్యోగం పేరు పదిమందిలో చెప్పుకోవడానికి చిన్నగా ఉందన్న బాధ మీదైతే, దాని కోసం సంపాదిస్తున్న పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం అన్యాయం.

అయితే రెండేళ్ల తరువాత కూడా ఆమె ఫారాలు నింపుతూనే ఉంటే మీ భయం నిజమైనట్టే. అందుకని ఇప్పటినుంచే డేటాబేస్ నుంచి వివరాలు రాబట్టే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకోవాలి, ఆమోదాల నియమాలను రూపొందించే పనిలో చోటు అడగాలి. ఒక్క టూల్‌నే నమ్ముకోకూడదు: మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 ఆర్2తో వచ్చిన మాస్టర్ డేటా సర్వీసెస్ అనే టూల్‌ను ఆ సంస్థే 2025 వెర్షన్‌లో తొలగించింది. సంస్థల కొనుగోళ్లు, అకౌంట్స్ వంటివి నడిపే ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్ పాత తరం ఈసీసీలో విడివిడిగా ఉండే కస్టమర్, వెండర్ (సరఫరాదారు) రికార్డులు కొత్త తరం ఎస్/4హానాలో బిజినెస్ పార్ట్‌నర్ అనే ఒకే రకం రికార్డు కిందికి వచ్చాయి కనుక, అటు మారే సంస్థలు పాత రికార్డులను సరిదిద్దుకోక తప్పదు. ఆ పని తెలిసినవారికి అవకాశాలుంటాయి.

ఈ వారం ఏ రికార్డు సరిచేసిందో, ఎందుకు సరిచేయాల్సి వచ్చిందో ఆమెను అడిగి, పూర్తిగా వినండి. కోర్సు సంగతి ఆ తరువాత ఇద్దరూ కలిసి మాట్లాడుకోండి.