రిమోట్ విమానాల కథనం మీద రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

2001 సెప్టెంబరు 11న అమెరికాలో కూలిన నాలుగు విమానాలనూ నేల మీద కూర్చున్నవారెవరో రిమోట్‌తో నడిపారన్న కుట్ర సిద్ధాంతం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. దాన్ని ఖండించాలన్న నీ పట్టుదల నాకు నచ్చింది. కానీ నమ్మినవాళ్లను మొదటి పేరాలోనే మూర్ఖులన్నావు. ఆ పేరా పూర్తిగా తీసెయ్యి. ఈ సిద్ధాంతానికి ఇంత బలం రావడానికి అందులో కలిసిన నిజాలే కారణం. వాటిని నువ్వే ముందుగా, దాపరికం లేకుండా చెప్పకపోతే, విషయం కొంత తెలిసిన పాఠకుడు నీ మాట వినడం అక్కడితో మానేస్తాడు.

1962లో అమెరికా సైనికాధిపతులు క్యూబాపై యుద్ధానికి సాకు వెతుకుతూ 'ఆపరేషన్ నార్త్‌వుడ్స్' అనే ప్రతిపాదన తయారు చేశారు. ప్రయాణికుల విమానంలా కనిపించే డ్రోన్‌ను పంపి, దాన్ని పేల్చేసి, నింద క్యూబా మీద వేయాలన్నది అందులో ఒక ఆలోచన. కెనెడీ ప్రభుత్వం దానికి ఒప్పుకోలేదు. 1984 డిసెంబరు 1న నాసా, అమెరికా పౌర విమానయాన సంస్థ కలిసి, ఇంధనం అంటుకునే తీరును పరీక్షించడానికి, మనుషులు లేని ఒక బోయింగ్ 720ని నేల మీది పైలట్‌తో నడిపించి కాలిఫోర్నియా ఎడారిలో కూల్చాయి. 2001 ఏప్రిల్‌లో గ్లోబల్ హాక్ అనే మానవరహిత విమానం పసిఫిక్ దాటి ఆస్ట్రేలియాలో దిగింది. వీటిని వరుసగా చదివినవాడికి సందేహం రావడం సహజం. పైగా ఆ ఉదయం వాయుసేన స్పందన గురించి అధికారులు మొదట ఇచ్చిన వివరణ తప్పని ఆ దాడులపై ఏర్పడిన విచారణ సంఘమే తేల్చింది. నాలుగో విమానం కూలిన తర్వాత గానీ అది హైజాక్ అయిన సంగతి సైన్యానికి తెలియలేదు. నువ్వు వదిలేసిన ఈ విషయాన్ని తప్పక చేర్చు.

నీ అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఒక పని సాధ్యమని చూపించడం వేరు, ఆ రోజు అదే జరిగిందని చూపించడం వేరు. ఆ రెండింటి మధ్య దూరాన్ని ఆ సిద్ధాంతం ఒక్క గెంతులో దాటేస్తుంది, నువ్వు మాత్రం అడుగడుగునా నడిచి చూపించాలి. ఆ రోజు కూలినవి బోయింగ్ 757, 767 రకాలు. వాటిలో పైలట్ చేతి కదలిక ప్రధానంగా ఉక్కు తీగల ద్వారా హైడ్రాలిక్ యంత్రాలకు చేరుతుంది. కంప్యూటర్ పంపే విద్యుత్ సంకేతాలతో నడిచే తొలి బోయింగ్ ప్రయాణికుల విమానం 777. విమానాన్ని దానంతట అదే నడిపే ఆటోపైలట్‌ను పైలట్ ఒక మీట నొక్కి తప్పించగలడు. అంటే రెండు సంస్థలకు చెందిన నాలుగు విమానాల్లో, వాటిని నిత్యం పరీక్షించే మెకానిక్‌ల కంట పడకుండా, పైలట్ అడ్డుకోవడానికి వీలు లేకుండా, వేరే యంత్రాంగమే అమర్చి ఉండాలి. నాసా వాళ్లు తమ ఒక్క విమానాన్ని బహిరంగంగా సిద్ధం చేసుకుని, సిబ్బందిని ఎక్కించి పదేపదే పరీక్షించుకున్నారు. అయినా చివరి రోజున అది అనుకున్నట్టు దిగక, ఎడమ రెక్క ముందుగా నేలను తాకింది.

అమెరికా రక్షణ శాఖ కార్యాలయమైన పెంటగాన్‌ను ఢీకొన్న విమానం 330 డిగ్రీలు తిరగడాన్ని రిమోట్ కథనం నమ్మేవాళ్లు గొప్ప విన్యాసమంటారు. ఎత్తు తగ్గించుకోవడానికి తిరిగిన మలుపు అది. దాన్ని నడిపిన హైజాకర్ హానీ హంజూర్ నైపుణ్యం మీద శిక్షకులకు అనుమానాలున్న మాట నిజమే గానీ, 1999లోనే అతనికి అమెరికాలో కమర్షియల్ పైలట్ ధ్రువపత్రం వచ్చింది. దీనికి రెండు వాక్యాలు చాలు.

నీ వ్యాసంలో నన్ను బాధపెట్టిన లోపం వేరొకటి ఉంది. యంత్రాల గురించి ఇంత రాశావు, లోపల ఉన్న మనుషుల ఊసే లేదు. బోస్టన్ నుంచి బయల్దేరిన తొలి విమానంలో పరిచారికగా పనిచేస్తున్న బెట్టీ ఆంగ్ వెనక సీటు దగ్గరి ఫోన్ అందుకుని, తమ సంస్థ రిజర్వేషన్ కార్యాలయానికి సుమారు 25 నిమిషాల పాటు సమాచారం ఇచ్చింది: కత్తిపోట్లు పడ్డాయని, కాక్‌పిట్ నుంచి జవాబు రావడం లేదని, దుండగులు ఏ సీట్లలో కూర్చున్నారో కూడా చెప్పింది. ఉదయం 8:24కు అదే కాక్‌పిట్ నుంచి, ప్రయాణికులను కదలవద్దని హెచ్చరించే హైజాకర్ గొంతు పొరపాటున నేల మీద విమానాల రాకపోకలను చూసే కంట్రోలర్లకు వినిపించింది. పెన్సిల్వేనియాలో కూలిన ఆ నాలుగో విమానంలో 9:57కు ప్రయాణికులు తిరగబడినప్పుడు, వాళ్లను పడదోయడానికి నడిపేవాడు విమానాన్ని కుడి ఎడమలకు ఒరిగించాడు, ముక్కును పైకీ కిందికీ ఎత్తి దించాడు. కాక్‌పిట్ రికార్డర్‌లో ఆ పెనుగులాట, ఆ అరుపులు ఉన్నాయి. తలుపు బయట మనుషుల ఒత్తిడికి భయపడి చేసిన పని అది. రిమోట్ కథనం నిలవాలంటే ఈ గొంతులన్నీ అబద్ధం కావాలి. ఆ కథనంలో నాకు సహించరానిది ఇదే. చనిపోయిన 2,977 మందిలో తెలుగు కుటుంబాల వారూ ఉన్నారని మరిచిపోకు.

అందుకే బెట్టీ ఆంగ్ ఫోన్ సంభాషణతో వ్యాసం ఎత్తుకో. ఆమె మాటలను విశేషణాలతో అలంకరించకు, ఉన్నవి ఉన్నట్టు పెట్టు. మాజీ జర్మన్ మంత్రి ఆంద్రియాస్ ఫాన్ బ్యూలో ఈ వాదనను సమర్థించాడన్న సంగతి ఉంచు; పదవి పేరు చెప్పి వదిలేయక, ఆయన ఏ ఆధారం చూపాడో అడుగు. నార్త్‌వుడ్స్ పేరాను మాత్రం ఆ పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా స్వయంగా చదివిన తర్వాతే తిరగరాయి. కొత్త ప్రతి సిద్ధమైతే పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య