గాలి ఆగిందని తలుపు తీయకు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

గోపాలపూర్ దగ్గర ఇల్లు తీసుకున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు గదులు స్లాబు, వెనక వంటిల్లు రేకులు అంది. మేడెక్కితే సముద్రం కనిపిస్తుందని నీకు సరదా. నాకు ఆ వంటింటి రేకుల గురించే టెన్షన్. ఒడిశాలో మన గంజాం జిల్లాలో అక్టోబరు అంటే దసరా ఒక్కటే కాదు. 1999లో అక్టోబరు 17న ఇక్కడికే ఒక తుఫాను వచ్చింది. 12 రోజులకే పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్ రావడంతో దీన్ని అందరూ మర్చిపోయారు. 2013 ఫైలిన్ అక్టోబరు 12న, 2018 తిత్లీ 11న. వరసగా అవే రోజులు చూడు.

ఫైలిన్ రాత్రి గాలి గంటకు సుమారు 200 కిలోమీటర్లు. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. సాయంత్రం నుంచి ఈశాన్యం వైపు నుంచి కొడుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. అయిపోయిందనుకుని టార్చి పట్టుకుని బయటికొచ్చాను, లేచిన రేకు మూల మీద రాయి పెడదామని. నిచ్చెన రెండో మెట్టు మీద ఉండగా మీ అత్తయ్య అందుకున్న తిట్లకు దిగాను. గడియ పెట్టానో లేదో, ఈసారి నైరుతి నుంచి మొదలైంది. తెల్లారి చూస్తే ఆ రేకు పక్కింటి కొబ్బరిచెట్టుకి తడిచీర చుట్టినట్టు చుట్టుకుని ఉంది. రాయి మాత్రం ఈ రోజుకీ కనపడలేదు.

అది తుఫాను కన్ను. నడిమధ్యన గాలి ఉండదు. అది దాటగానే ఎదురు దిక్కు నుంచి వస్తుంది. అందుకే రేడియోలో చెప్పేదాకా తలుపు తీయకు. గాలి లోపలికి దూరితే కప్పును కింది నుంచి నెడుతుంది, పైన వెళ్ళే గాలి అదే కప్పును లాగుతుంది. కిటికీలు కొంచెం తెరిచి ఉంచితే మంచిదని ఎవరైనా చెప్తే వినకు. గాలి మొదలయ్యాక వంటింట్లో ఎవరూ ఉండకూడదు. స్లాబు కింద, కిటికీలకు దూరంగా, లోపలి గదిలో కూర్చోండి.

రేకుల మీద రాళ్ళు పెట్టడం మన అలవాటు, అది మానెయ్. రేకుల్ని పట్టి ఉంచే కొక్కెం బోల్టులు చూడు. చూరు అంచుల్లోనూ మూలల్లోనూ గాలి లాగేది ఎక్కువ కాబట్టి అక్కడ దగ్గర దగ్గరగా ఉండాలి. మా మేస్త్రీ అంచున రెండే వేసి డబ్బు మిగిల్చాడు, మిగిల్చింది ఎవరికో తర్వాత తెలిసింది. వాషరు తుప్పు పట్టినచోట మార్పించు. దాబా మీది పూలకుండీలు, ఖాళీ టిన్నులు, వదులు పలకలు ముందు రోజే లోపలికి దించు. తుఫానులో చేతులూ తలలూ పగిలేది చాలావరకు ఎగిరొచ్చే సామాన్లతోనే.

ఇంకొకటి. మైకులో చెప్పేదంతా ఒడియాలో ఉంటుంది. నీ భార్యది రాజమండ్రి, ఆమెకు అర్థం కాదు. నువ్వు డ్యూటీలో ఉంటే ఎలా? ‘బాత్యా’ అంటే తుఫాను, ‘ఆశ్రయస్థల’ అంటే షెల్టరు అని ఈ రోజే నేర్పు. షెల్టరుకి దారి పగలు ఒకసారి నడిపించు. ఖాళీ చెయ్యమంటే ఇంటి మీద ప్రేమ పెట్టుకోకండి, వెలుతురుండగానే వెళ్ళండి. గాలి కంటే ఉప్పెన నీళ్ళు ఘోరం.

పొద్దున బయటికొచ్చాక తెగిన కరెంటు తీగలకు దూరంగా నడవాలని నీకు వేరే చెప్పక్కర్లేదు.

బోల్టులు బరంపురంలో కొనుక్కుని ఆదివారం వస్తాను. నిచ్చెన నాది తెస్తాను. ఎక్కేది మాత్రం నువ్వే, మీ అత్తయ్య నన్ను ఎక్కనివ్వదు.

ఇట్లు
మావయ్య